రెండో అంతస్తు డైరీ: గోడ దగ్గర్నుంచి గ్యాస్ దాకా కొలిచిన లెక్కలు

హైదరాబాద్, ఉప్పల్ వైపు 200 గజాల స్థలం. ఉన్న ఇంటి మీద కొత్తగా ఒక అంతస్తు: 9 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. పొడుగు గోడలు తూర్పు, పడమరల వైపు వచ్చాయి. అదే అసలు తలనొప్పి. రెండు బెడ్‌రూములకు ఏసీలు పెట్టాలి. చలికాలంలో హీటర్ అవసరం మనకు రాదు కాబట్టి ఈ డైరీ అంతా చల్లదనం గురించే.

ఇళ్ల గోడలు, కప్పు ఎంత వేడిని లోపలికి రానివ్వచ్చో చెప్పే జాతీయ కోడ్ మనకు ఉంది. దాని పేరు ఎకో నివాస్ సంహిత, కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018 డిసెంబరులో తెచ్చింది. కాకపోతే అది 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల కోసం రాసింది. నాది 167. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే కప్పు) విధానం కూడా ఇళ్ల విషయంలో 600 గజాల నుంచే మొదలవుతుంది. అంటే నన్ను అడిగేవాళ్లెవరూ లేరు. టెక్సాస్‌లో మా బావమరిది ఇల్లు కొన్నప్పుడు బయటి మనిషి మిషన్ పట్టుకొచ్చి, ఏసీ గాలిని గదులకు మోసే డక్టులు ఎంత లీకవుతున్నాయో కొలిచి కాగితం ఇచ్చాడు. అక్కడి కోడ్ లెక్క 25 పాస్కల్ ఒత్తిడి దగ్గర ప్రతి 100 చదరపు అడుగుల నేలకు 4 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 4 ఘనపుటడుగుల గాలి. ఏసీ బిగింపు సరిగ్గా ఉందో లేదో చూడటానికి అమెరికా కాంట్రాక్టర్ల సంఘం ఏసీసీఏకి ఒక స్టాండర్డ్ కూడా ఉంది: లోడు లెక్క (ఎంత చల్లదనం కావాలో), గాలి ప్రవాహం, గ్యాస్ పరిమాణం, అన్నీ కొలిచి రాయాలి. మన స్ప్లిట్ ఏసీకి డక్టులు లేవు, మిగతావన్నీ ఉన్నాయి. ఆ వరస పట్టుకునే మొదలుపెట్టాను.

దశ 1: గోడలు, కిటికీలు (డిసెంబరు)

మొదటి తప్పు నాదే. నేను లెక్క వేసేసరికి ఉత్తరం, దక్షిణం గోడలు తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుకతో లింటెల్ దాకా లేచిపోయాయి. ఈ లెక్క ఇటుకల లారీ రాకముందే వెయ్యాలి.

ఎకో నివాస్ సంహితలో ఉన్న ఈ లెక్క పేరు ఆర్ఈటీవీ. గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడిని చదరపు మీటరుకు సగటున ఇన్ని వాట్లు అని చెప్పే అంకె. 15 దాటకూడదు. హైదరాబాద్ కాంపోజిట్ (మిశ్రమ) వాతావరణం కింద వస్తుంది కాబట్టి గుణకాలు 6.06 (గోడ), 1.85 (గాజు గుండా ప్రసరించే వేడి), 68.99 (గాజులోంచి వచ్చే ఎండ). దిక్కును బట్టి ఇంకో గుణకం ఉంటుంది: పడమరకు 1.156, ఉత్తరానికి 0.659. అంటే అదే గోడ పడమర వైపుంటే లెక్కలో ఒకటిముప్పావు రెట్ల బరువు.

నా గోడల మొత్తం 96 చదరపు మీటర్లు, అందులో కిటికీలు 10.8. ప్లాస్టరింగ్‌తో కలిపి ఎర్ర ఇటుక గోడ యూ-వాల్యూ (ఎంత వేడిని దాటనిస్తుందో చెప్పే అంకె, తక్కువుంటే మేలు) 2.24, ఎనిమిదంగుళాల ఏఏసీ (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు) బ్లాకు గోడది 0.77. మామూలు సింగిల్ గాజు. నాలుగు రకాలుగా వేసి చూశాను:

- అంతా ఎర్ర ఇటుక, సజ్జాలు లేవు: 19.9
- అంతా ఎర్ర ఇటుక, సజ్జాలు ఉన్నాయి: 18.3
- తూర్పు, పడమర ఏఏసీ, మిగతావి ఇటుక, సజ్జాలు ఉన్నాయి: 13.3
- నాలుగు వైపులా ఏఏసీ, సజ్జాలు ఉన్నాయి: 10.4

సజ్జాలు వేస్తే సరిపోతుందని అనుకున్నాను. సరిపోలేదు, అసలు భారమంతా గోడదే. లేచిన గోడలు పడగొట్టే ఓపిక లేదు, డబ్బూ లేదు. మూడోది ఖాయం చేశాను.

మేస్త్రీ ఒప్పుకోలేదు. "ఆ బ్లాకుల్లో మేకు దిగితే ఆగదు సార్, రేపు ఏసీ ఊడి మీద పడితే నన్నంటారు" అన్నాడు. మాటలో నిజముంది. మామూలు మేకు, చెక్క బిరడా పనికిరావు. ఏఏసీ కోసమే వచ్చే పొడవాటి నైలాన్ యాంకర్లు వాడాలి. ఇంకో రెండు విషయాలు: బ్లాకుల్ని ఎర్ర ఇటుకలా నానబెట్టకూడదు, పైపైన తడిపితే చాలు. ఇటుక గోడ, బ్లాకు గోడ కలిసే మూలల్లో జాలీ కొట్టాకే ప్లాస్టరింగ్ చెయ్యాలి. ఒక మూలలో మర్చిపోయారు. ఆ మూలలోనే ఇప్పుడు పైనుంచి కింద దాకా వెంట్రుకంత పగులు.

కిటికీల్లో కూడా దెబ్బ తిన్నాను. కోడ్ ప్రకారం తెరుచుకునే భాగం కార్పెట్ ఏరియాలో 12.5 శాతం ఉండాలి. నాది 55 చదరపు మీటర్లు, అంటే సుమారు 6.9 కావాలి. నేను ఆర్డర్ ఇచ్చినవి స్లైడింగ్. వాటిలో సగమే తెరుచుకుంటుంది: 5.4. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కాబట్టి రెక్కల కిటికీలకు మార్చాను. దాదాపు 9.7 వచ్చింది. దోమతెర లోపలి వైపు బిగించాల్సి వచ్చింది, తలుపు మూసినప్పుడల్లా దాన్ని తియ్యాలని ఇంట్లో గొణుగుడు ఇంకా నడుస్తోంది.

అదనపు ఖర్చు: ఏఏసీ తేడా 4,200, కిటికీల తేడా 18,600. ఇప్పటిదాకా: 22,800 రూపాయలు.

దశ 2: స్లాబు (మార్చి, ఏప్రిల్)

అయిదంగుళాల స్లాబు, కింద ప్లాస్టరింగ్. యూ-వాల్యూ 3.27. కోడ్ 1.2 దాటొద్దంటుంది. దగ్గర్లోనే లేదు.

మార్చి 24, సాయంత్రం 4 గంటలు, బయట 37. సీలింగ్ మీద సుద్దముక్కతో పన్నెండు గళ్లు గీసి ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో ఒక్కో గడీ కొలిచాను. సగటు 43.5 డిగ్రీలు. ఆ గన్ మెరిసే లోహం మీద తప్పు చూపిస్తుంది, సున్నం లేదా పెయింట్ మీదైతే ఫర్వాలేదు.

ముందు చవకదారి చూశాను. స్లాబులో సగానికి తెల్ల కూల్ పెయింట్ రెండు కోట్లు వేయించాను. వారం తర్వాత, దాదాపు అలాంటి ఎండలోనే, ఆ సగం కింద 38.9 వచ్చింది. ఖర్చుకు మించిన ఫలితం. కాకపోతే మా రోడ్డు దుమ్ముకు నెల తిరిగేసరికి అది తెలుపు కాదు, బూడిద రంగు. పైగా రంగు ఎండను తిప్పికొడుతుంది గానీ యూ-వాల్యూని మార్చదు.

అందుకని స్లాబు మీద వేడిని ఆపే గట్టి ఫోమ్, 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీట్లు, వాటిపైన జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన స్క్రీడ్ (సిమెంటు పొర), తెల్ల టైల్స్. యూ-వాల్యూ 0.57కి దిగింది. 20 మిల్లీమీటర్లది వేసినా 1.1 చుట్టూ వచ్చి కోడ్ హద్దులోపే ఉండేవాణ్ని, కానీ కూలి ఎటూ ఒకటే, అందుకే 50.

ఏప్రిల్ 13, బయట 39. మళ్లీ పన్నెండు గళ్లు. పదకొండింటిలో 34 నుంచి 35 మధ్య. పన్నెండోది, వాటర్ ట్యాంకు పైపులు దిగే మూలలో, 39.8. ఆ చోట టైల్స్ లేపించి చూస్తే, ఒక షీటు విరిగిపోతే ముక్కల మధ్య నాలుగు వేళ్లు పట్టేంత సందులో సిమెంటు మాలు నింపేశారు. పైనుంచి చూస్తే అన్ని టైల్సూ ఒకేలా ఉన్నాయి. సందుల్లో పీయూ ఫోమ్ కొట్టి, కొత్త షీటు కోసి పెట్టించాను. మళ్లీ కొలిస్తే 35.1.

అదనపు ఖర్చు: షీట్లు 37,300, గుడ్డ, కూలి 6,400, మూల మళ్లీ చేయించినందుకు 2,900, గన్ 1,300. టైల్స్ ఎటూ వేసేవాణ్నే కాబట్టి కలపలేదు. ఇప్పటిదాకా: 70,700.

దశ 3: ఎన్ని టన్నులు?

మెకానిక్ గది గుమ్మంలోంచి పైకి చూసి, "టాప్ ఫ్లోర్ కదా భయ్యా, టన్నున్నర కన్ఫర్మ్, రెండు పెడితే ఇంకా మంచిది" అన్నాడు. గది 155 చదరపు అడుగులు.

పడమర బెడ్‌రూముకు నా లెక్క, వాట్లలో, మే నెల సాయంత్రానికి:

- కప్పు 242
- పడమర గోడ 157
- ఉత్తరం గోడ 315
- కిటికీ గాజు 157, దాంట్లోంచి ఎండ 500
- ఇద్దరు మనుషులు 260
- టీవీ, లైట్లు, ఫ్యాను 250
- సందుల్లోంచి వచ్చే గాలి 200
- లోపలి గోడలు 100

మొత్తం 2,181 వాట్లు. ఒక టన్ను అంటే 3,517 వాట్లు. ఇది 0.62 టన్ను.

అదే స్లాబు మామూలుగా, పడమర గోడ ఎర్ర ఇటుకతో ఉండుంటే 3,650 దాటేది. కప్పొక్కటే 1,413 అయ్యేది. మెకానిక్ అంచనా తప్పేం కాదు, అతను రోజూ చూసే డాబా ఇళ్లకు అది సరైనదే. ఇక్కడ స్లాబు మీద ఏముందో అతనికి కనబడదు.

రెండు గదులకూ ఒక్కో టన్ను ఇన్వర్టర్, ఆర్-32 గ్యాస్. అవసరానికి మించి పెద్దది పెడితే గది త్వరగా చల్లబడి కంప్రెసర్ నెమ్మదిస్తుంది, తేమ మాత్రం మిగిలిపోతుంది. వానాకాలంలో దుప్పటి చెమ్మగా అనిపించేది అందుకే.

దశ 4: పైపులు, వాక్యూమ్, గ్యాస్ (ఏప్రిల్ చివర)

అన్నిటికన్నా ఎక్కువ రోజులు ఇక్కడే పోయాయి.

రాగి పైపులు గోడలో పూడ్చేశారు. రెండు చివరలూ మూతల్లేకుండా మూడు వారాలు వదిలేశారు, ప్లాస్టరింగ్ అయింది కూడా. ఊది చూస్తే సిమెంటు పొడి వచ్చింది. పైపు కోసిన రోజే చివరలకు టేపు కాదు, మూత బిగించాలి. నైట్రోజన్‌తో బలంగా ఊదించి శుభ్రం చేశాక పరీక్షకు దిగాం.

లీకు పరీక్ష, మేం చేసిన వరస:

1. రెగ్యులేటర్ బిగించిన నైట్రోజన్ సిలిండర్ మాత్రమే. ఆక్సిజన్ వద్దు, నూనె తగిలితే పేలుతుంది.
2. 100 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర ఆగి సబ్బు నురగ. ఆ తర్వాత 400.
3. టైము, పైపు దగ్గర ఉష్ణోగ్రత రెండూ గోడ మీదే రాయాలి.
4. 24 గంటలు.

సాయంత్రం 35 డిగ్రీల దగ్గర 400 పెట్టాం. పొద్దున 27 డిగ్రీలకు 352. "చలికి తగ్గుద్ది భయ్యా" అన్నాడు మెకానిక్. తగ్గుతుంది, కానీ ఎంత? చల్లబడినందుకు తగ్గాల్సింది 11 పీఎస్ఐ మాత్రమే, 389 దగ్గర ఆగాలి. మిగతా 37 ఎటో పోయింది. నురగ వేస్తే గోడలో ఏం లేదు, ఇండోర్ యూనిట్ వెనక సన్న పైపు నట్టు దగ్గర ఆవగింజంత బుడగ, నిమిషానికి ఒకటి. నట్టు విప్పితే ఫ్లేర్ (గరాటులా వెడల్పు చేసిన పైపు చివర) అంచు మీద చిన్న పగులు. పైపు కోశాక లోపలి అంచు గీకకుండానే ఫ్లేర్ చేశారు.

కోసి, గీకి, మళ్లీ ఫ్లేర్ చేసి, ఈసారి టార్క్ రెంచ్‌తో బిగించాం: పావంగుళం నట్టుకు 16 న్యూటన్ మీటర్లు, అరంగుళం దానికి 55. చేతి బిగువుకు అలవాటు పడ్డవాళ్లు సన్న నట్టును దాదాపు రెండింతలు బిగిస్తున్నారని అప్పుడు తెలిసింది. మర్నాడు పొద్దున 390.

తర్వాత వాక్యూమ్, అంటే పైపుల్లోని గాలి, తేమ పంపుతో లాగెయ్యడం. చాలాచోట్ల జరిగేది ఏంటంటే, అవుట్‌డోర్ వాల్వు కాస్త తెరిచి, లోపలున్న గ్యాస్‌తోనే గాలిని బయటికి తోసేస్తారు. రెండు నిమిషాల పని. గాలి పోయినా తేమ పోదు, పైగా ఆర్-32 మంట అంటుకునే రకం. మా మెకానిక్ పంపు తెచ్చాడు, కానీ అతని గేజ్‌లో ముల్లు చివరికి వచ్చి ఆగిపోతుంది. అక్కణ్నుంచి అసలు కథ మైక్రాన్లలో (మిగిలిన ఒత్తిడిని చెప్పే సన్న కొలత, తక్కువుంటే మేలు) ఉంటుంది, ఆ ముల్లుకు కనబడదు. మైక్రాన్ గేజ్ కొన్నాను.

- మొదటిసారి, 40 నిమిషాలు: 1,500 దగ్గర మొండికేసింది. పంపు నూనె పాలలా తెల్లగా ఉంది. మార్చాం.
- రెండోసారి, 35 నిమిషాలు: 420. పంపు ఆపి పది నిమిషాలు చూస్తే 780కి ఎక్కి అక్కడే నిలిచింది. ఎక్కుతూనే ఉంటే లీకు, ఎక్కి ఆగితే తేమ.
- నైట్రోజన్ నింపి, వదిలి, మూడోసారి 50 నిమిషాలు: 380. పది నిమిషాల తర్వాత 430. సరే.

గ్యాస్ దగ్గర ఇంకో వాదన. మెకానిక్ గేజ్ పెట్టి ప్రెషర్ చూసి నింపుతానన్నాడు. ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటే ప్రెషర్ కూడా మారుతుంది, దాన్ని చూసి నింపితే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. మా మోడల్ మాన్యువల్ ప్రకారం ఫ్యాక్టరీ గ్యాస్ 5 మీటర్ల పైపుకు సరిపోతుంది, ఆపైన మీటరుకు 20 గ్రాములు. మా పైపు 9 మీటర్లు. 80 గ్రాములు, త్రాసు మీద సిలిండర్ పెట్టి తూచి వేశాం.

ఖర్చు: మైక్రాన్ గేజ్ 6,500, టార్క్ రెంచ్ 3,900, గాలి వేగం కొలిచే మీటరు 2,200, తేమ మీటర్లు రెండు 900, నైట్రోజన్ 1,500. ఇప్పటిదాకా: 85,700.

డ్రెయిన్ పైపు గురించి ఒక్క ముక్క: గోడ పూడ్చకముందే రెండు లీటర్ల నీళ్లు పోసి, బయట బకెట్లో రెండు లీటర్లూ వచ్చాయో లేదో చూడండి. మాకు లీటరున్నరే వచ్చింది, మధ్యలో పైపు పొట్ట దిగింది.

దశ 5: నిజంగా టన్ను ఇస్తోందా? (మే)

డబ్బా మీద 3.5 కిలోవాట్లని ఉంది. కొలిచిన పద్ధతి:

1. కొన్న తేమ మీటర్లను ముందు సరిచూడాలి. మూత బిగుతుగా ఉండే డబ్బాలో తడి ఉప్పు పెట్టి, పక్కన మీటరు ఉంచి రాత్రంతా వదిలేస్తే 75 శాతం చూపించాలి. ఒకటి 71, ఇంకోటి 78 చూపాయి. తేడా రాసిపెట్టుకుని కూడి, తీసేశాను.
2. ఒకటి ఇండోర్ యూనిట్ పైన గాలి లోపలికి వెళ్లే చోట, ఇంకోటి గాలి బయటికొచ్చే నోటి దగ్గర.
3. ఫ్యాను ఫుల్, స్వింగ్ ఆపి, నోటి వెడల్పున 12 చోట్ల గాలి వేగం. 2.1 నుంచి 3.8 దాకా వచ్చింది, సగటు సెకనుకు 3 మీటర్లు. నోటి వైశాల్యం 0.0442 చదరపు మీటర్లు. గాలి సెకనుకు 0.133 ఘనపు మీటర్లు.
4. లోపలికెళ్లే గాలికీ బయటికొచ్చే గాలికీ మధ్య ఎంథాల్పీ తేడా, అంటే వేడి, తేమ రెండూ కలిపిన తేడా. ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే తేమను తీసిన పని లెక్కలోకి రాదు.

మే 9, బయట 40.6. నలభై నిమిషాలు నడిచాక లోపలికి 27 డిగ్రీలు, 55 శాతం. బయటికి 17.5 డిగ్రీలు, 88 శాతం. తేడా కిలో గాలికి 13.25 కిలోజౌళ్లు. లెక్క కడితే 2.0 కిలోవాట్లు. చెప్పినదాంట్లో 57 శాతం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంత చేసి మళ్లీ లీకా? గ్యాస్ తక్కువైందా? పొద్దున్నే మెకానిక్ ఫోన్‌లోనే "ఇంకో వంద గ్రాములు కొట్టేద్దాం" అన్నాడు. ఆగమన్నాను.

థర్మామీటరు పట్టుకుని అవుట్‌డోర్ యూనిట్ దగ్గరకు వెళ్లాను. ప్లాన్ ప్రకారం దాన్ని యుటిలిటీ డక్టులో పెట్టాం: మూడు వైపులా గోడ, ముందు అల్యూమినియం రెక్కల జాలీ. ఆన్ చేసినప్పుడు వెనక గాలి తీసుకునే చోట 42. నలభై నిమిషాలకు 51.4. ముందుకు ఊదిన వేడిగాలి జాలీకి కొట్టుకుని తిరిగి వెనక్కే వస్తోంది. మాన్యువల్‌లో బయటి ఉష్ణోగ్రత పైహద్దు 48. అది దాటేసరికి కంప్రెసర్ తనంతట తానే నెమ్మదిస్తోంది. మిషన్ తప్పేం లేదు, గ్యాస్ తప్పూ లేదు.

ముందు జాలీ ఊడబీకి చూశాను: 47.2. చాలదు. యూనిట్‌ను డాబా మీదకు, పిట్టగోడకు ఒక అడుగు ఎడంగా, స్టాండు మీదకు మార్చాం. గ్యాస్‌ను అవుట్‌డోర్‌లోకి లాగి, పైపు పొడిగించి, మళ్లీ నైట్రోజన్, మళ్లీ వాక్యూమ్ (410, పది నిమిషాలకు 450). పైపు 11 మీటర్లయింది, ఇంకో 40 గ్రాములు.

మే 17, బయట 40.1. వెనక గాలి 41.3. లోపలికి అదే 27 డిగ్రీలు, 55 శాతం. బయటికి 14 డిగ్రీలు, 90 శాతం. తేడా 22.4. మొత్తం 3.42 కిలోవాట్లు, 98 శాతం. నా మీటర్లతో అటూ ఇటూ పది శాతం పొరపాటు ఉండొచ్చు, కాబట్టి ఆ 98ని మరీ నమ్మక్కర్లేదు. 57కీ దానికీ ఉన్న తేడాను మాత్రం నమ్మొచ్చు.

26 డిగ్రీల మీద రాత్రి ఎనిమిది గంటల పాటు నడిస్తే మీటరులో 3.3 యూనిట్లు.

ఖర్చు: స్టాండు, పైపు, కూలి 5,600. ఇప్పటిదాకా: 91,300. టన్నున్నర బదులు టన్ను కొన్నందుకు గదికి 7,000 చొప్పున మిగిలిన 14,000 తీసేస్తే 77,300.

మిగిలినవి

- తూర్పు బెడ్‌రూము అవుట్‌డోర్ కూడా డాబా మీదకే. స్టాండు వెల్డింగు అయింది.
- మూలలో పగులు: వానలు తగ్గాక కోసి, జాలీ వేయించాలి.
- టైల్స్ దుమ్ము పట్టాక సీలింగ్ పన్నెండు గళ్లు మళ్లీ కొలవాలి.
- రెండో ఏసీ వాక్యూమ్ ఆగింది. "ఒక్క సైట్‌కే భయ్యా, సోమవారం తెచ్చేస్తా" అని మెకానిక్ మైక్రాన్ గేజ్ పట్టుకెళ్లాడు. రెండు సోమవారాలైంది.